ఫిలమెంట్ బల్బుల అమ్మకాన్ని చట్టంతోనే ఆపాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మన దేశంలో ఎల్‌ఈడీ బల్బు అమ్మాలంటే తయారీదారు దాన్ని ముందుగా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వద్ద నమోదు చేయించాలి, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఇచ్చే స్టార్ లేబుల్‌ను అట్టపెట్టె మీద ముద్రించాలి. 2018 జనవరి 1 నుంచి ఈ లేబుల్ తప్పనిసరి అయింది. అదే దుకాణంలో, అదే అరలో పక్కనే ఉన్న అరవై క్యాండిల్ ఫిలమెంట్ బల్బు మాత్రం తాను తీసుకున్న కరెంటులో సుమారు ఇరవయ్యో వంతును వెలుతురుగా ఇచ్చి, మిగిలినదంతా వేడిగా వదిలేస్తున్నా, కరెంటు వాడకం విషయంలో దానికి ఏ లేబులూ లేదు, బీఈఈ నిర్ణయించిన కనీస ప్రమాణమూ లేదు. పొదుపు చేసే వస్తువుకు పరీక్షలు పెట్టి, దుబారా చేసే వస్తువుకు తలుపులు బార్లా తెరిచి ఉంచిన ఈ పద్ధతిని ఇకనైనా మార్చాలని, ఇళ్లలో వెలుతురు కోసం వాడే ఫిలమెంట్ బల్బుల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం దశలవారీగా నిషేధించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను విద్యుత్ శాఖ బిల్లింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని. ఇళ్లకు కొత్త బల్బులు చేర్చేందుకు జరిగిన ప్రయత్నాలను మొదటి నుంచీ చూశాను. వాటిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 2009లో కేంద్రం బచత్ ల్యాంప్ యోజన పేరుతో పాత బల్బు తీసుకుని సీఎఫ్‌ఎల్ బల్బును పదిహేను రూపాయలకు ఇప్పించింది, అసలు ధరతో తేడాను కార్బన్ క్రెడిట్ల (కర్బన ఉద్గారాలు తగ్గించినందుకు దక్కే, అమ్ముకోదగిన హక్కుల) ద్వారా రాబట్టుకునే ఏర్పాటు చేసింది. ఆ తరహా ప్రాజెక్టుల్లో తొలి వరుసలోది మన విశాఖపట్నంలోనే నమోదైంది. 2014లో గుంటూరు జిల్లాలో పాత అరవై వాట్ల బల్బులు అప్పగించిన ఇంటికి రెండు ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బులను ఒక్కొక్కటి పది రూపాయలకే ఇచ్చారు. 2015 జనవరిలో అదే పథకం ఉజాలాగా దేశమంతటికీ విస్తరించింది. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండర్లు పిలవడంతో రెండు మూడేళ్లలోనే ఆ ధర 38 రూపాయలకు దిగింది. ఇప్పటివరకు 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయని, దానివల్ల ఏటా సుమారు 4,700 కోట్ల యూనిట్లు ఆదా అవుతున్నాయని ప్రభుత్వం లెక్క చెబుతోంది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున, ఇంత తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులను జనం చేతికి అందించిన దేశాలు అరుదు. అందుకు మనం గర్వపడవచ్చు.

అయితే పంపిణీకి ఒక హద్దు ఉంది. పథకం కింద వచ్చిన బల్బు కాలిపోయిన రోజున ఆ ఇల్లు మళ్లీ వీధి చివర కిరాణా కొట్టు ముందు నిలబడుతుంది. అక్కడ ఎల్‌ఈడీ బల్బు అరవై, డెబ్భై రూపాయలు పలుకుతుంది. ఫిలమెంట్ బల్బు పదిహేను, ఇరవై రూపాయలకు వస్తుంది. రోజు కూలి తెచ్చుకుని ఆ డబ్బుతోనే బియ్యం, నూనె కొనుక్కునే కుటుంబం ఆ పూట ఏది కొంటుందో వేరే చెప్పాలా? 2021లో గ్రామ ఉజాలా కింద పల్లెల్లో మళ్లీ పాత బల్బులు తీసుకుని పది రూపాయలకు ఎల్‌ఈడీలు ఇవ్వవలసి వచ్చింది. మొదట ఎంచుకున్న ఐదు ప్రాంతాల్లో విజయవాడ కూడా ఉంది. అంటే గుంటూరులో పంపిణీ మొదలై ఆరేళ్లు దాటిన తరువాత, కృష్ణకు ఆవలి ఒడ్డున కూడా ఇంకా వెలుగుతున్న ఫిలమెంట్ బల్బులు ప్రభుత్వానికి కనిపించాయన్న మాట. అమ్మకం ఆగనంత కాలం మనం ఒక చేత్తో ఏరుతూనే ఉండాలి, మార్కెట్ మరో చేత్తో చల్లుతూనే ఉంటుంది.

ఏది కొనాలో వినియోగదారుడే తేల్చుకుంటాడు, చట్టం ఎందుకు అని కొందరు అడుగుతారు. బల్బును ఎంచుకునేవాడూ దాని కరెంటు ఖర్చు భరించేవాడూ ఒక్కడే అయితే ఆ ప్రశ్నకు కొంత బలం ఉండేది. మా ఊళ్లో మార్కెట్ వెనకాల వరుసగా ఒంటి గదుల ఇళ్లు ఉన్నాయి. ఒక్కో గదికి ఒక సబ్ మీటరు, గది మధ్యలో వైరుకు వేలాడే ఒక హోల్డరు, బయట మరుగుదొడ్డికి ఇంకో హోల్డరు ఉంటాయి. ఆ హోల్డర్లలో ఏ బల్బు పెట్టాలో ఇంటి యజమాని నిర్ణయిస్తాడు. అతడు అద్దెకు ఇచ్చే ముందు డజను ఫిలమెంట్ బల్బులు తెచ్చి బిగించేస్తాడు, ఎందుకంటే అతడి ఖర్చు బల్బు ధరతోనే సరి. అద్దెకున్న కుటుంబం మాత్రం యూనిట్‌కు ఎనిమిది రూపాయలో తొమ్మిది రూపాయలో, యజమాని చెప్పిన రేటు కట్టాలి. ఆ గదుల్లో ఒక దానిలోకి వెళ్లి చూస్తే నల్లటి హోల్డరు ఏళ్ల తరబడి వేడికి గోధుమరంగుకు తిరిగి, అంచున పగిలి ఉంది. దాని పైనున్న వైరు తొడుగు గట్టిపడి, వేలితో వంచితే పొరలుగా రాలుతోంది. ఆ వేడి అంతా అద్దెదారు డబ్బు కట్టి కొనుక్కున్న కరెంటే.

లెక్క వేసి చూద్దాం. అరవై వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు తొమ్మిది యూనిట్లు అవుతుంది. అంతకంటే కొంచెం ఎక్కువ వెలుతురే ఇచ్చే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీకి యూనిట్టుంపావుకు కాస్త పైన, కచ్చితంగా చెప్పాలంటే 1.35 యూనిట్లు సరిపోతుంది. తేడా నెలకు ఏడున్నర యూనిట్లు దాటుతుంది. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు కట్టే అద్దెదారుకు ఒక్క బల్బు మీదే నెలకు అరవై రూపాయలు, అంటే కొత్త ఎల్‌ఈడీ ధరంత, వృథాగా పోతోంది. యూనిట్‌కు మూడు రూపాయలు పడే సొంతింటి పేదవాడికైనా మూడు నాలుగు నెలల్లో ఎల్‌ఈడీ ఖర్చు తిరిగి వస్తుంది. బల్బు ధరలో కూడా చివరికి ఫిలమెంటు చవక కాదు. దాని ఆయుష్షు సుమారు వెయ్యి గంటలు. రోజుకు ఐదు గంటల చొప్పున అయిదేళ్లు వెలగాలంటే తొమ్మిది బల్బులు కొనాలి. తొమ్మిది బల్బులు కలిపి ఒక మంచి ఎల్‌ఈడీ ధరను దాటేస్తాయి. కానీ ఆ తొమ్మిదీ విడివిడిగా, చేతిలో డబ్బులు తక్కువగా ఉన్న తొమ్మిది సాయంత్రాల్లో కొంటారు కాబట్టి ఆ మొత్తం ఎవరి కంటికీ కనపడదు.

ధరను చూసి జనం వాళ్లంతట వాళ్లే మారతారన్న వాదన మన రెండు రాష్ట్రాల్లో మరింత బలహీనపడుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఈ సాయం పేదలకు అవసరమే. దాన్ని నేను తప్పుపట్టను. కానీ బిల్లు రాని ఇంటికి బల్బు మార్చాలన్న తొందర ఎక్కడ నుంచి వస్తుంది? ఆ తొమ్మిది యూనిట్ల ఖర్చు ప్రభుత్వం డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) చెల్లించే సబ్సిడీలో చేరి, చివరికి మనందరి మీదే పడుతుంది. మరో వైపు, వేసవిలో ఫ్యాను, కూలరు తిరిగే నెలలో 200 యూనిట్ల గీత దగ్గర తచ్చాడే కుటుంబాలు ఉన్నాయి. మూడు ఫిలమెంట్ బల్బులు ఉన్న ఇంటికి నెలకు ఇరవై ఏడు యూనిట్లు వాటికే పోతాయి, ఎల్‌ఈడీలైతే నాలుగు యూనిట్లతో సరి. ఆ ఇరవై మూడు యూనిట్ల తేడా వల్లే గీత దాటి, ఆ నెల బిల్లు మొత్తం నెత్తిన పడిన ఇల్లు ఉంటే, దానికి కారణం ఆ ఇల్లాలి నిర్లక్ష్యం అనడం న్యాయం కాదు.

ఇక జీరో బల్బు గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. పడక గదిలో రాత్రంతా, దేవుడి గదిలో పగలూ రాత్రీ వెలిగే ఆ చిన్న ఎర్ర బల్బుకు మీటరు తిరగదన్న నమ్మకం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పాత చక్రం మీటర్లు అంత చిన్న వాడకాన్ని సరిగా పట్టుకోలేకపోవడం వల్ల ఏర్పడిన నమ్మకం అది. నిజానికి అది పదిహేను వాట్ల దాకా తీసుకుంటుంది, ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు దాన్ని ఒక్క వాటు కూడా వదలకుండా నమోదు చేస్తుంది. దేవుడి పటాల ముందు ఇరవై నాలుగు గంటలూ వెలిగితే నెలకు దాదాపు పదకొండు యూనిట్లు, అంటే ముందు గదిలో అరవై వాట్ల బల్బు కంటే ఎక్కువ! బిల్లు ఎందుకు పెరిగిందో తెలియడం లేదంటూ మా కౌంటరు దగ్గరకు వచ్చినవాళ్లకు ఇంట్లో ఏమేమి ఉన్నాయో చెప్పమంటే ఫ్యాను చెప్పేవారు, టీవీ చెప్పేవారు, మిక్సీ కూడా చెప్పేవారు. జీరో బల్బు మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు. అర వాటు ఎల్‌ఈడీ నైట్ ల్యాంపుకు నెలంతా పగలూ రాత్రీ వెలిగినా అర యూనిట్టు కూడా కాదు. నిషేధం ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలంటే ఈ జీరో బల్బుతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. దాన్ని తీసేస్తే ఎవరి పనీ ఆగదు, ప్రత్యామ్నాయం ప్రతి కొట్లోనూ దొరుకుతోంది.

చట్టపరంగా ఇందుకు కొత్తగా పార్లమెంటు ముందుకు వెళ్లవలసిన పనే లేదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టంలోని 14వ సెక్షన్, ఉపకరణాలకు విద్యుత్ వినియోగ ప్రమాణాలు నిర్ణయించి, వాటిని అందుకోని వస్తువుల తయారీని, అమ్మకాన్ని, దిగుమతిని నిషేధించే అధికారాన్ని కేంద్రానికి ఇప్పటికే ఇచ్చింది. ఫ్రిజ్‌లకూ ఏసీలకూ కనీస ప్రమాణాలు ఈ చట్టం కిందే వచ్చాయి. అదే అధికారంతో ఇళ్లలో వెలుతురుకు వాడే ప్రతి బల్బూ ఒక వాటుకు కనీసం ఇన్ని ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఇవ్వాలని నిర్ణయిస్తే చాలు. ఫిలమెంట్ బల్బు వాటుకు పన్నెండు, పద్నాలుగు ల్యూమెన్ల దగ్గర ఆగిపోతుంది. మామూలు ఎల్‌ఈడీలు నేడు వంద దాటుతున్నాయి. నియమంలో ఫలానా రకం బల్బు వద్దని రాయడం కన్నా వెలుతురు కొలమానం పెట్టడమే మేలు. బచత్ ల్యాంప్ యోజన కాలంలో సీఎఫ్‌ఎల్‌నే అంతిమ పరిష్కారంగా భావించాం. వాటిలోని పాదరసం మాటేమిటి, కాలిపోయినవాటిని ఎక్కడ పారేయాలి అన్న ప్రశ్నలకు పంపిణీ చేసిన రోజున జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు మన దేశం కూడా సంతకం చేసిన, పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందమే వాటిని తప్పించమంటోంది. కొలమానం పెట్టి, పాదరసం వద్దని ఒక వాక్యం చేరిస్తే, రేపు ఎల్‌ఈడీ కన్నా మెరుగైనది వచ్చినా ఆ నియమం పనికి వస్తుంది.

ఇతర దేశాల అనుభవం మన ముందు ఉంది. ఐరోపా సమాఖ్య 2009 సెప్టెంబరులో వంద వాట్ల బల్బులతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది డెబ్భై అయిదు, ఆ పై ఏడాది అరవై, 2012లో నలభై, ఇరవై అయిదు వాట్ల బల్బులను వరుసగా మార్కెట్ నుంచి తప్పించింది. చైనా 2012 అక్టోబరులో వంద వాట్లతో మొదలుపెట్టి 2016 నాటికి చిన్న బల్బుల దాకా వచ్చింది. తేదీలు ముందే చెప్పడం వల్ల ఫ్యాక్టరీలు, కార్మికులు, దుకాణదారులు సర్దుకోవడానికి వ్యవధి దొరికింది. అమెరికాలో మాత్రం 2007లోనే చట్టం చేసినా, దాని అమలుకు నిధులు ఆపడం, 2019లో నియమాలను వెనక్కి తీసుకోవడం, 2022లో మళ్లీ తేవడం వంటి ఊగిసలాటతో వాటుకు 45 ల్యూమెన్ల నియమం అమలులోకి వచ్చేసరికి 2023 ఆగస్టు అయింది. ఈ పదహారేళ్లలో అక్కడి ఇళ్లలో ఎన్ని కోట్ల బల్బులు అనవసరంగా వేడెక్కి ఉంటాయో ఊహించుకోవచ్చు. మన దక్షిణాదిలోనే కేరళ 2020 బడ్జెట్‌లో ఫిలమెంట్, సీఎఫ్‌ఎల్ బల్బుల అమ్మకం ఆపుతామని ప్రకటించి, విద్యుత్ బోర్డు ద్వారా ఇళ్లకు ఎల్‌ఈడీలు ఇచ్చే పని చేపట్టింది.

నిషేధం అనగానే మొదట ఆందోళన చెందేది కోళ్ల రైతులు. వారి ఆందోళన న్యాయమైనదే. కోడిపిల్లలు దిగిన మొదటి రెండు మూడు వారాలు బ్రూడింగ్‌కు, అంటే వాటిని వెచ్చగా ఉంచడానికి, వేడి కావాలి. చిన్న షెడ్లలో, ఇంటి పెరట్లో పిల్లలను పెంచేవారు ఇప్పటికీ ఫిలమెంట్ బల్బులే వేలాడదీస్తారు. అక్కడ వేడి వృథా కాదు, వేడే అవసరం. కాబట్టి ఇటువంటి వాటికి మినహాయింపు ఇవ్వాలి. అయితే మినహాయింపును రాసే తీరులో జాగ్రత్త లేకపోతే మొత్తం నిషేధమే నీరుగారిపోతుంది. ఐరోపాలో కుదుపులను తట్టుకునే పారిశ్రామిక బల్బులకు ఇచ్చిన మినహాయింపును ఆసరా చేసుకుని, పాత ఇంటి బల్బులనే ఆ పేరుతో సాధారణ దుకాణాల్లో ఏళ్ల తరబడి అమ్మారు. చివరకు నియమాలను సవరించి ఆ సందు పూడ్చవలసి వచ్చింది. మన దగ్గర వేడి కోసం అమ్మే బల్బులను పశువైద్య, కోళ్ల దాణా దుకాణాల్లోనే అమ్మాలి, పెట్టె మీద ఇంటి వెలుతురుకు కాదని పెద్ద తెలుగు అక్షరాలతో ముద్రించాలి, వీలైతే మామూలు హోల్డరులో పట్టని విధంగా తయారు చేయించాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నాసిరకం ఎల్‌ఈడీల సంగతి. ఫిలమెంట్ బల్బును తీసేసి, దాని స్థానంలో మూడు నెలలకే మిణుకుమిణుకుమంటూ ఆరిపోయే బల్బును పేదవాడి చేతిలో పెడితే అది మోసమే అవుతుంది. సంతల్లో, తోపుడు బండ్ల మీద బీఐఎస్ నమోదు సంఖ్య గానీ, స్టార్ లేబుల్ గానీ, తయారీదారు చిరునామా గానీ లేని బల్బులు ఇరవై, ముప్ఫై రూపాయలకు దొరుకుతున్నాయి. 2017లో ఢిల్లీ, ముంబయి, అహ్మదాబాద్, హైదరాబాద్ దుకాణాల్లో జరిగిన ఒక సర్వేలో ఎల్‌ఈడీ బల్బు బ్రాండ్లలో సుమారు నాలుగింట మూడు వంతులు భద్రతా నిబంధనలను పాటించడం లేదని తేలింది. ఈ బల్బుల్లో లోపం సాధారణంగా వెలుతురిచ్చే చిప్పులో ఉండదు, దాని వెనుకనుండి, చిప్పుకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్‌లో ఉంటుంది. ఖర్చు తగ్గించడానికి అక్కడ నాసి కెపాసిటర్ వేసి, సర్జ్‌ను, అంటే ఓల్టేజీ హఠాత్తుగా ఎగబాకడాన్ని, తట్టుకునే భాగాన్ని ఎగ్గొడతారు. మన పల్లెల్లో రాత్రి పొలం మోటార్లు ఆగిన క్షణంలో ఓల్టేజీ ఒక్కసారి పైకి లేచినప్పుడు మొదట బలయ్యేది అదే. ఎల్‌ఈడీలు పల్లెలకు పనికి రావన్న మాట ఇక్కడే పుట్టింది. అది సరికాదు. ఓల్టేజీ పదిహేను శాతం పడితే ఫిలమెంట్ బల్బు వెలుతురు నలభై శాతం పైగా తగ్గి, పిల్లవాడు పుస్తకంలో అక్షరం పోల్చుకోలేని ఎర్రటి మసక మిగులుతుంది. మంచి డ్రైవర్ ఉన్న ఎల్‌ఈడీ అదే లో ఓల్టేజీలో తేడా తెలియకుండా వెలుగుతుంది. కనుక నిషేధం నోటిఫికేషన్‌తో పాటే, ఎల్‌ఈడీలకు మన లైన్ల పరిస్థితికి తగిన సర్జ్ పరీక్షను, కనీసం మూడేళ్ల వారంటీని తప్పనిసరి చేయాలి. కాలిపోయిన బల్బును కొన్న కొట్లోనే మార్చి ఇవ్వాలన్న నియమం ఉండాలి. తూనికలు కొలతల అధికారులు, బీఐఎస్ అధికారులు జిల్లా కేంద్రాలతో ఆగకుండా వారపు సంతల దాకా వెళ్లి తనిఖీలు చేయాలి.

ఇందులో రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగినదీ తక్కువేమీ కాదు. నిషేధించే అధికారం కేంద్రానిదే అయినా, ప్రభుత్వ పాఠశాలలు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆలయాలు, పంచాయతీ కార్యాలయాల్లో ఫిలమెంట్ బల్బు కొనుగోలును రేపే ఆపవచ్చు. ఉచిత విద్యుత్ పొందుతున్న ఇళ్లకు ఏటా రెండు ఎల్‌ఈడీలు ఉచితంగా ఇస్తే, సబ్సిడీలో మిగిలే డబ్బుతోనే ఆ ఖర్చు తీరుతుంది. పంపిణీ బాధ్యతను ఇంటింటికీ వెళ్లే మీటర్ రీడర్లకు అప్పగిస్తే కౌంటర్ల ముందు క్యూలు ఉండవు. పాత బల్బు అక్కడికక్కడే వెనక్కి వస్తుంది. ఆ పాత బల్బులను ఇళ్ల ముందు చూస్తుండగానే పగలగొట్టకుండా లెక్కకట్టి, ఒకచోట చేర్చి పారేసే ఏర్పాటు కూడా ముందే చేసుకోవాలి.

ఆదా అయ్యే యూనిట్లు ఏ వేళవో కూడా గమనించాలి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు సోలార్ ప్లాంట్ల వల్ల పగటి పూట కరెంటుకు ఇప్పుడు అంత ఇబ్బంది లేదు. సూర్యుడు అస్తమించి ఇళ్లలో లైట్లు వెలిగే ఆరు నుంచి పది గంటల మధ్యనే డిస్కంలు బయట నుంచి ఎక్కువ ధరకు కొనవలసి వస్తుంది, థర్మల్ కేంద్రాలను పూర్తి సామర్థ్యంతో నడపవలసి వస్తుంది. ఫిలమెంట్ బల్బు తినే కరెంటు ఎక్కువగా ఆ నాలుగు గంటలదే. ఆ వేళలో ఆదా చేసిన ఒక్కో యూనిట్టు మధ్యాహ్నం ఆదా చేసినదానికన్నా ఎంతో విలువైనది; ట్రూఅప్ చార్జీల (అంచనాకు మించి అయిన ఖర్చును తరువాత వసూలు చేసే చార్జీల) పేరుతో బిల్లుల్లో అదనపు భారం పడిన అనుభవం ఉంది కాబట్టి ఈ సంగతిని విద్యుత్ నియంత్రణ మండళ్లు కూడా తమ విచారణల్లో చర్చకు తేవాలి.

కేంద్ర విద్యుత్ శాఖ 14వ సెక్షన్ కింద ముసాయిదా నోటిఫికేషన్‌ను వెంటనే ప్రజల ముందు ఉంచాలని, మొదటి ఏడాది జీరో బల్బులు, వంద వాట్ల బల్బులతో మొదలుపెట్టి మూడేళ్లలో మిగిలినవాటికి తేదీలు ప్రకటించాలని, ఆ ముసాయిదాను తెలుగులోనూ ప్రచురించి కోళ్ల రైతుల నుంచి, చిన్న దుకాణదారుల నుంచి, అద్దె ఇళ్లలో ఉండేవారి నుంచి అభిప్రాయాలు తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రెండు రాష్ట్రాల ఎంపీలు రానున్న పార్లమెంటు సమావేశాల్లో దీనిపై ప్రశ్న వేయాలని కూడా నా విజ్ఞప్తి.

భవదీయుడు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
తెనాలి.